తూర్పున బంగాళాఖాతం

సాంఘిక శాస్త్రం నమూనా పరీక్షలో హంసికకు వందకు తొంభై ఒకటి వచ్చాయని తెలియగానే ప్రయోగశాలలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎవరో లడ్డూల డబ్బా కూడా తెరిచారు. హంసిక తల్లి గుండేటి రజిత మాత్రం ఒక చేతిలో లడ్డూ పట్టుకుని, జవాబుపత్రం మూడో పేజీ దగ్గర ఆగిపోయింది.

"మన రాష్ట్రం ఉనికిని వివరించండి" అని ప్రశ్న. ఎనిమిది మార్కులు. దాని కింద జవాబు అచ్చు అక్షరాల్లో ఉంది: "మన రాష్ట్రంలో ఇరవై మూడు జిల్లాలు ఉన్నాయి. తూర్పున బంగాళాఖాతం ఎల్లగా ఉంది..." దిద్దినవాళ్లు దానికి సున్నా చుట్టి, పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం గీశారు.

రాష్ట్రం విడిపోయి పద్దెనిమిదేళ్లు అవుతోంది. సిరిసిల్ల బడిలో చదివే పిల్ల తెలంగాణకు సముద్రం తెచ్చిపెట్టిందంటే నవ్వుకుని వదిలేయొచ్చు. అక్కడున్నవాళ్లు అదే చేశారు. రజితకు నవ్వు రాలేదు. బడిలో హంసిక కూర్చునే బల్ల ఎదురుగానే ముప్పై మూడు జిల్లాల పటం వేలాడుతుంది. మూడేళ్లుగా ఆ పిల్ల రోజూ దాన్నే చూస్తోంది.

"మేడమ్, ఇదేంది ఇట్ల రాసింది?" అని అడిగింది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ నుస్రత్ కాగితం చూసింది, రజిత ముఖం చూసింది. "ఎక్కడో చిన్న తప్పు దొర్లింది అమ్మా. తొంభై ఒకటి వచ్చాయి. లడ్డూ తినండి" అంది. అంటూనే ఆ కాగితాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంది. రజితకు అది నచ్చలేదు.

హంసికకు పదిహేనేళ్లు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. చేతులూ కాళ్లూ నాలుకా ఆమె చెప్పినట్టు వినవు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదని చూసిన ప్రతి డాక్టరూ చెప్పాడు. ఆమె మాట్లాడితే బయటివాళ్లకు మూలిగినట్టు ఉంటుంది. రజితకు ఒక్కదానికే అవి మాటలు. చేతులు సహకరించని పిల్లల తరఫున పదో తరగతి పరీక్షను తొమ్మిదో తరగతి పిల్లలు రాసిపెట్టొచ్చు, సొంతవాళ్లు మాత్రం రాయకూడదు. దొంగ రాతలు రాకుండా పెట్టుకున్న నిబంధన అది, మంచిదే. కాకపోతే హంసిక మాట అర్థమయ్యే తొమ్మిదో తరగతి పిల్ల సిరిసిల్లలోనే కాదు, ఎక్కడా లేదు.

అందుకే నుస్రత్ ప్రయోగశాల నుంచి పలుకుపట్టీ వచ్చింది. మెడకు మెత్తగా చుట్టుకునే పట్టీ అది. గొంతులోనూ దవడలోనూ పుట్టే వణుకును పట్టుకుని, చెప్పదలచుకున్న మాటను ఎదుటి పలక మీద రాస్తుంది. ముందు దాన్ని ఆ మనిషి గొంతుకు అలవాటు చేయాలి. హంసిక ఏదో అంటుంది. ఆమె ఏమందో పక్కనున్న మనిషి టైపు చేస్తారు. పలక "ఇదేనా?" అని అడుగుతుంది. అవునైతే హంసిక మోకాలితో బటన్ కొట్టాలి, పది సెకన్లలో కొట్టకపోతే కాదన్నట్టు. అలవాటయ్యాక ఇక అడగదు, నేరుగా రాసేస్తుంది. ఇలా పదో తరగతి పాఠాల ప్రశ్నలన్నిటితో మూడు నెలలు ఇంట్లోనే సాగింది. పక్కనున్న మనిషి రజిత. ఇంకెవరుంటారు?

నమూనా పరీక్ష రోజున పరీక్షల కార్యాలయం నుంచి వచ్చిన పెద్దమనిషి రజితను రెండంతస్తుల కింద క్యాంటీన్‌లో కూర్చోబెట్టాడు. ఫోను కూడా తీసేసుకున్నాడు. తల్లి సైగలు చేస్తుందని అతని అనుమానం. అప్పుడు రజితకు ఒళ్లు మండింది. ఇప్పుడు తిరుగు బస్సులో ఆ అనుమానం ఆమెకే అంటుకుంది, కాకపోతే ప్రయోగశాల మీద. పట్టీకి అనుమతి రావాలంటే మార్కులు రావాలి. మార్కులు రావాలంటే పాత పుస్తకాలన్నీ యంత్రంలో కుక్కేస్తే సరి. అలా కుక్కినవాళ్లకు ఏది పాత రాష్ట్రమో ఏది కొత్తదో చూసుకునే తీరిక ఉండకపోవచ్చు.

హంసిక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సిద్దిపేట దాటేదాకా ఒక్క శబ్దం చేయలేదు. "అలసిపోయింది" అని రజిత తనకు తనే చెప్పుకుంది.

ఇంటికి రాగానే భర్తను పిలిచింది. తిరుపతి సాంచెల మీద బట్ట నేస్తాడు. షెడ్డులో ఆ మరమగ్గాల మోత విని విని ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతాడు.

"గిటు రా. కుర్చీల కూసో. ఇది మెడకు కట్టుకో."

"నాకెందుకే? నేను ఐదో తరగతి సదివినోన్ని. నన్ను పది పాస్ జేయిస్తవా ఏంది?"

"కట్టుకో అంటున్న గద."

తిరుపతి కట్టుకున్నాడు. రజిత పలక మీద అదే ప్రశ్న పెట్టి, "ఏదో ఒకటి గుణుగు" అంది. అతను కూతురి వైపు చూసి కన్నుగీటి, పిల్లలను ఆడించినట్టు ఊఁ ఊఁ అన్నాడు. పలక మీద అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి. ఇరవై మూడు జిల్లాలు. తూర్పున బంగాళాఖాతం. తీరం పొడవు, రేవుల పేర్లు, ఒక్క పొల్లు తేడా లేకుండా అన్నీ వచ్చాయి.

తిరుపతి మొదట పగలబడి నవ్వాడు. ఆ తర్వాత రజిత ముఖం చూసి నవ్వు ఆపేశాడు. పట్టీ విప్పి, ఏ పురుగో పాకినట్టు మెడ తుడుచుకున్నాడు.

"అంటే పరీక్ష రాసింది మన పిల్ల కాదా?" అన్నాడు.

"కాదు. వాళ్లే. మనల్ని అడ్డం బెట్టుకొని ఆడుతుండ్రు. రేపు పొద్దుగాల బస్సుకు పోత. మొత్తం కడిగేసొస్త."

హంసిక ఏదో అంది. ఒక చిన్న ముక్క, రెండుసార్లు. "నేను గూడ వస్తనంటంది" అని రజిత భర్తకు చెప్పి, పిల్ల బట్టలు సర్దింది.

మర్నాడు నుస్రత్ గదిలో రజిత నిలబడే మాట్లాడింది. కూర్చుంటే కోపం తగ్గుతుందేమోనని భయం.

"మీ యంత్రం ఎవ్వలు కట్టుకున్నా ఒక్క తీరుగనే రాస్తుంది. మా ఆయన కట్టుకుంటె గూడ గదే జవాబు. ఎవ్వలి జవాబులు మేడమ్ అవి? ఏ పుస్తకం దోపిండ్రు దాంట్లో?"

నుస్రత్ తలుపు మూసింది. ఒక తెర ముందు కూర్చుని, వెతికింది. వెతికింది అనడం కూడా తప్పు, ఆమె నేరుగా కావలసిన చోటికే వెళ్లింది. ముందే చూసి పెట్టుకున్నదని రజితకు అర్థమైంది.

"ఇది మీ ఇంట్లో నమోదైంది అమ్మా. అక్టోబరు పద్నాలుగు. వినండి."

హంసిక గొంతు వినిపించింది. "ఊఁ... గా." అంతే. ఒకటిన్నర సెకను. దాని కింద తెర మీద రజిత టైపు చేసిన జవాబు కనిపించింది. మన రాష్ట్రంలో ఇరవై మూడు జిల్లాలు ఉన్నాయి. తూర్పున బంగాళాఖాతం. మొత్తం పదకొండు వరుసలు.

రజితకు ఆ జవాబు ఏ పుస్తకంలోదో అప్పుడు గుర్తొచ్చింది. అది ఆమెదే. పదో తరగతిలో ఆమె రాసిన ఆ జవాబును సాంఘిక శాస్త్రం సారు తరగతి మొత్తానికి చదివి వినిపించాడు. ఆ తర్వాత చదువు ఆగిపోయింది. బీడీలు చుడుతూ, పెళ్లి చేసుకుని, పిల్లను ఎత్తుకుని తిరిగిన ఇన్నేళ్లలోనూ ఆ జవాబు మాత్రం ఆమెకే తెలియకుండా ఆమె లోపల చెక్కుచెదరకుండా ఉంది. బిడ్డ నోటి నుంచి అది వినిపించగానే ఎంత సంబరపడిందో కూడా గుర్తుంది. విన్నాననే అనుకుంది. నిజంగానే విన్నాననుకుంది.

"గొంతును అర్థం చేసుకోవడం యంత్రానికి కష్టం" అని నుస్రత్ మెల్లగా చెప్పింది. "ప్రశ్న చూసి మీరేం రాస్తారో కనిపెట్టడం తేలిక. తేలికైనది నేర్చుకుంది. గొంతును వదిలేసింది."

"మరి బటన్ ఉన్నది గద? కాదనిపిస్తే పిల్ల కొట్టకపోను."

నుస్రత్ ఇంకో తెర చూపించింది. బటన్ నొక్కిన సమయాలు వరుసగా ఉన్నాయి. ప్రతిసారీ సెకనులో సగం కూడా పట్టలేదు. "హంసిక మోకాలు కదలడానికి కనీసం మూడు సెకన్లు పడుతుంది" అంది.

రజిత కుర్చీలో కూలబడింది. "మోకాలు నొస్తదని... ఎట్లాగు అవుననే అంటది గదా అని నేనే ఒత్తిన" అంది. తలెత్తి, "మీకు ఎప్పటి సంది తెల్సు?" అని అడిగింది.

"నవంబరు నుంచి." నుస్రత్ కళ్లు దించుకుంది. "నివేదిక ఇచ్చే గడువు దగ్గర పడింది. మార్కులు బాగా వస్తున్నాయి. నేను అడగలేదు. నాదీ తప్పే."

పరీక్ష ఆరువారాల్లో ఉంది. నుస్రత్ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పుడు అంతా చెరిపేసి, హంసిక మోకాలు ఒప్పుకున్న మాటలతోనే మళ్లీ మొదలుపెడితే, పరీక్షనాటికి యంత్రానికి మూడు నాలుగు వందల మాటలు వస్తాయి. వాటితో ముప్పై ఐదు మార్కులు రావడం కష్టం. చెరపకుండా ఉంచితే పిల్ల ఫస్టు క్లాసులో పాసవుతుంది. ఈ సంగతి ఈ గదిలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చివరి మాట ఎందుకు చెప్పిందో రజితకు అంతుపట్టలేదు. ఆశ పెడుతోందా, పరీక్షిస్తోందా? ఏదైతేనేం, ఆశ పుట్టింది. పది పాసైన కాగితం చేతిలో ఉంటే ఇంటర్‌లో సీటు వస్తుంది. పిల్ల మూలన పడి ఉండక్కర్లేదు. దేశంలో ఎంతమంది చూసి రాయడం లేదు, ఎంతమందికి సార్లు చెప్పి రాయించడం లేదు? తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికే నీతులు గుర్తుకురావాలా?

"అది పరీక్ష రాస్తనంటది మేడమ్" అనబోయింది. నోరు తెరిచింది కూడా. హంసిక చక్రాల కుర్చీలోంచి తననే చూస్తోంది. రజిత నోరు మూసుకుంది.

"దాన్ని మీరే అడగండి. నేను బయటుంట" అని లేచింది.

నుస్రత్ బటన్‌ను హంసిక ఎడమ మోకాలి పక్కన బిగించింది. రజిత అద్దాల తలుపు అవతల, పిల్లకు కనపడని చోట నిలబడింది. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నీ పేరు హంసికేనా?" నాలుగో సెకనుకు మోకాలు కదిలింది.

"మీ నాన్న పేరు నర్సయ్యా?" పది సెకన్లు గడిచాయి. మోకాలు కదల్లేదు.

"నమూనా పరీక్షలో యంత్రం రాసినవి నువ్వు చెప్పిన జవాబులేనా?" పది సెకన్లు. కదల్లేదు.

"దాన్ని ఇలాగే ఉంచి అసలు పరీక్ష రాస్తావా?"

రజిత తలుపు పిడిని గట్టిగా పట్టుకుంది. కొట్టు బిడ్డా, కొట్టు, అని లోపల మొత్తుకుంది. అలా కోరుకున్నందుకు సిగ్గేసింది, అయినా కోరుకోవడం ఆపలేకపోయింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పది కూడా దాటింది. మోకాలు కదల్లేదు.

"అంతా చెరిపేస్తే నువ్వు ఫెయిలవ్వొచ్చు. అయినా చెరిపేద్దామా?"

మూడు సెకన్లకే దెబ్బ పడింది. బటన్ ఊడి కిందపడింది.

ఇంటికి వచ్చే దారిలో రజిత పదిహేనేళ్లూ తిరగేసింది. కూర బాగుందంటోంది, ఈ గౌను నచ్చిందంటోంది, చిన్నమ్మ ఇంటికి వస్తానంటోంది. ఎన్ని చెప్పింది తను, ఎంతమందికి చెప్పింది. తొమ్మిదేళ్లప్పుడు కాలికి ఆపరేషన్ చేస్తామంటే, "భయం లేదంటంది డాక్టర్‌సాబ్, చేయించుకుంటనంటంది" అని తనే చెప్పింది. ఆ రోజు పిల్ల ఏమందో ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. గొంతు గుర్తుంది, ఏడ్చింది కూడా గుర్తుంది. వాటికి తను చెప్పిన అర్థం మాత్రమే ఆమె దగ్గర మిగిలింది. రజిత బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కన హంసిక ఉంది. ఎందుకు ఏడుస్తున్నానో దానికి చెప్పాలో, దాన్నే అడగాలో ఆమెకు తెలియలేదు.

మర్నాటి నుంచి నేర్పే గదిలోకి రజిత వెళ్లలేదు. నుస్రత్ ఆ ఆరువారాలూ సిరిసిల్లలోనే గది తీసుకుని, తనే కూర్చుంది. మొదటి రోజు యంత్రానికి ఏమీ రాదు. హంసిక శబ్దం చేస్తే అది తోచిన మాట చూపించేది. ఆకలి, నీళ్లు, నొప్పి, బడి, అమ్మ. మోకాలు కదిలేది కాదు. ప్రతిసారీ హంసిక గొంతులోంచి ఒకటే చిన్న ముక్క వచ్చేది. మళ్లీ తప్పు మాట, మళ్లీ అదే ముక్క. సాయంత్రానికి యంత్రం ఆ ముక్కను పట్టుకుంది. పలక మీద ఒక్క మాట వెలిగింది: "కాదు." మోకాలు టప్పున కొట్టింది.

నుస్రత్ ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు రజిత వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తోంది. కత్తెర పక్కన పెట్టి వింది.

"పాత లెక్క తీసి చూశానమ్మా" అంది నుస్రత్. "మూడు నెలల్లో మీరు పదకొండు వేల వాక్యాలు రాశారు. ఆ మాట ఒక్కదాంట్లోనూ లేదు."

రజిత "టీ తాగుతరా మేడమ్?" అని లేచి లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి.

నుస్రత్ నివేదికలో నిజం రాసింది. రాష్ట్రంలో తల్లులే పక్కన కూర్చుని నేర్పిన మిగతా ఇరవై రెండు పట్టీలనూ పరీక్షల కార్యాలయం ఆపేసింది. ఆ పిల్లలకు ఆ ఏడాది పరీక్ష లేదు. హంసిక పట్టీని మాత్రం, ప్రతి మాటకూ మోకాలి సాక్ష్యం ఉంది కాబట్టి, అనుమతించారు. నిజామాబాద్ నుంచి ఒకామె రజితకు ఫోన్ చేసింది. "నీ నోరు మూస్కుంటె ఏం పోయింది? నా కొడుకు పాసైతుండె" అంది. నీ కొడుకు మాటేందో నీకు తెలుసా అని అడగాలనిపించింది. అడిగే మొహం తనకు లేదనిపించి, "తప్పైందక్కా" అని ఊరుకుంది.

పరీక్షలు అయ్యాయి. ఎండలు ముదిరాక ఫలితాలు వచ్చాయి. హంసిక మూడు సబ్జెక్టుల్లో గట్టెక్కింది, మూడింట్లో తప్పింది. సాంఘిక శాస్త్రంలో ఇరవై నాలుగు వచ్చాయి. తిరుపతి ఫోనులో ఆ అంకెను పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. "జూన్‌ల మళ్ల రాయొచ్చటనే?" అని అడిగాడు.

ఆ మాట వినగానే హంసిక ఏదో అంది. పట్టీ చార్జింగులో ఉంది. ఆమె అన్నది ఈసారి కాస్త పొడుగ్గానే ఉంది, మధ్యలో తల కూడా ఊపింది.

తిరుపతి అలవాటుగా పెళ్లాం వైపు తిరిగాడు. "ఏమంటంది?"

మళ్లీ రాస్తనంటంది, అన్న మాట రజిత నాలుక చివరిదాకా వచ్చింది. చాలనిపించిందంటంది, అన్న మాట కూడా దాని వెనకే వచ్చింది. రెండూ తన మాటలే. రెండింటినీ మింగేసింది. పిల్ల కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"నాకు సమజ్ గాలే బిడ్డా. ఏమన్నవ్?"

హంసిక ఆమెను కళ్లార్పకుండా చూసింది. పుట్టినప్పటి నుంచి ఆ ప్రశ్న అమ్మ నోట వినడం అదే మొదలు. తర్వాత గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.